చిన్న గెలాక్సీల నడిబొడ్డున బ్లాక్ హోల్ ఉందో లేదో ఎలా తేలుస్తారు?

గోదారి_గగనం | రాజమండ్రి

ఈ చలికాలమంతా ఎనిమిదంగుళాల డాబ్సోనియన్‌తో ఆండ్రోమెడా చుట్టూనే తిరిగాను. ఎం31ని (ఆండ్రోమెడా గెలాక్సీనే) ఆనుకుని గుండ్రంగా, గట్టిగా, ఫోకస్ కుదరని నక్షత్రంలా ఎం32 అనే చిన్న గెలాక్సీ. అవతలి పక్కన పలచగా ఎం110. ఇంకాస్త దూరం జరిగితే ఎం33. మా ఊరి లైట్లలో అది ఉందనుకుంటే ఉన్నట్టు, లేదనుకుంటే లేనట్టు.

వీటి గురించి చదువుతుంటే ఒక చోట బుర్ర ఆగిపోయింది. ఎం32 అడ్డంగా కొలిస్తే ఆరేడు వేల కాంతి సంవత్సరాలు. దాని నడుమ సూర్యుడికి 25 లక్షల రెట్లు బరువున్న బ్లాక్ హోల్ ఉందట. ఎం33 అరవై వేల కాంతి సంవత్సరాల స్పైరల్. దాని నడుమ ఉంటే గింటే 1,500 సూర్యుళ్ల బరువు మించదట. చిన్నదానికి అంత పెద్దది, పెద్దదానికి ఏమీ లేదు! ప్రతి గెలాక్సీ నడుమా ఒకటుంటుందని ఏ వీడియో చూసినా చెబుతున్నారు కదా, మరి ఇదేంటి? అయినా అంత చిన్నదాన్ని ఇంత దూరం నుంచి ఎలా వెతుకుతారు?

స్పెక్ట్రోసుధ | పరిశోధక విద్యార్థి

"ప్రతి పెద్ద గెలాక్సీ" అనాలండి. మన పాలపుంత స్థాయిలోవీ, అంతకు మించినవీ అయితే దాదాపు అన్నిటికీ ఉన్నట్టే. కిందికి దిగేకొద్దీ ఆ గ్యారంటీ పోతుంది.

వెడల్పుతో పెద్ద పని లేదు, నడుమ నక్షత్రాలు ఉబ్బెత్తుగా గుమిగూడిన భాగం, బల్జ్ అంటాం, దాంతోనే పని. 2000లో రెండు బృందాలు (ఒకటి ఫెరారెసే, మెరిట్‌లది, ఇంకోటి గెబ్‌హార్ట్ వాళ్లది) విడివిడిగా ఒకే మాట చెప్పాయి. బల్జ్‌లో నక్షత్రాల వేగాలు ఎంత చెదిరి ఉంటే (ఒకదానికీ ఇంకోదానికీ ఎంత తేడా ఉంటే), నడుమ బ్లాక్ హోల్ అంత బరువుంటుంది. ఎం32 పైకి చిన్నదే గానీ నడుమ విపరీతంగా కిక్కిరిసి ఉంటుంది. ఒకప్పుడు అది పెద్ద గెలాక్సీయేననీ, బయటి భాగాన్ని ఆండ్రోమెడా లాగేసుకుందనీ చాలామంది అభిప్రాయం.

ఎం33కి చెప్పుకోదగ్గ బల్జే లేదు. నడుమ ఒక చిన్న నక్షత్ర గుచ్ఛం ఉంది, అంతే. అందులో వేగాల చెదురు సెకనుకు 24 కిలోమీటర్లే. బ్లాక్ హోల్ ఉంటే మధ్యకి వెళ్లేకొద్దీ అది పెరగాలి. 2001లో హబుల్ స్పెక్ట్రోగ్రాఫ్‌తో చూస్తే పెరగలేదు. మీరు చెప్పిన 1,500 ఒక బృందం పెట్టిన గరిష్ఠ హద్దు. ఇంకో బృందం 3,000 దగ్గర ఆగింది. వాళ్లలో ఎవరూ "లేదు" అని రాయలేదు. "ఉంటే ఇంతకు మించదు" అనే రాశారు.

ఎం110 సంగతి ఈ రెంటికీ మధ్య. చాలాకాలం దానికీ హద్దు మాత్రమే ఉండేది. 2019లో సుమారు 7 వేల సూర్యుళ్ల బరువున్నది ఉండొచ్చని ఒక అంచనా వచ్చింది.

కొత్తగా_చేరా | ఇంటర్ సెకండియర్

అక్కా, మరి అదే పద్ధతిలో అన్ని చిన్న గెలాక్సీలూ చూసేయొచ్చుగా?

స్పెక్ట్రోసుధ

కుదరదు. ఎందుకో లెక్క వేసే చూపిస్తా.

బ్లాక్ హోల్ మాట చెల్లుబాటయ్యే మేర ఒకటుంటుంది. దాని లోపల నక్షత్రాలు బ్లాక్ హోల్ చెప్పినట్టు తిరుగుతాయి, బయటున్నవాటికి అది ఉందో లేదో కూడా తెలియదు. ఆ మేర ఎంతంటే, గురుత్వ స్థిరాంకాన్ని బ్లాక్ హోల్ బరువుతో గుణించి, వేగాల చెదురు వర్గంతో భాగించాలి. లక్ష సూర్యుళ్ల బరువు, సెకనుకు 30 కి.మీ. చెదురు అనుకో. వచ్చేది అర పార్సెక్, అంటే ఒకటిన్నర కాంతి సంవత్సరం. 1.3 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీలో ఆ అర పార్సెక్ మనకి 0.025 ఆర్క్‌సెకన్ల కోణంగా కనబడుతుంది (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). హబుల్ విడదీయగలిగేది దాదాపు 0.05, 0.1 ఆర్క్‌సెకన్ల దాకానే.

కాబట్టి ఎం32, ఎం33, ఎం110 లాంటి ఇరుగుపొరుగు దాటితే ఈ దారి మూసుకుపోయినట్టే. చిలీలో కడుతున్న 39 మీటర్ల టెలిస్కోప్ ఈఎల్‌టీ వస్తే పరిధి పెరుగుతుంది. 30 మీటర్ల టీఎంటీలో మన దేశమూ భాగస్వామే, కానీ దాని కట్టడం మొదలవడమే గగనంగా ఉంది.

పాతమేష్టారు | విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్

అమ్మా సుధా, చక్కగా చెప్పావు. నా అనుమానం ఎప్పుడూ ఇక్కడే. కనబడేంత దగ్గర్లో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాటిలోనూ హద్దులే ఎక్కువ. అయినా ఏడాదికోసారి "మరుగుజ్జు గెలాక్సీలో రాక్షస కృష్ణబిలం" అని వార్త వస్తుంది. 2021లో లియో 1 అన్నారు. మనకి ఎనిమిది లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని బుల్లి ఉపగ్రహ గెలాక్సీ. దాని నడుమ 33 లక్షల సూర్యుళ్ల బరువట, ఇంచుమించు పాలపుంత నడుమ ఉన్నంత! 2024లో ఇంకొకరు నక్షత్రాలు కిక్కిరిసిన చోట కొలతల్లో వచ్చే తేడాని సరిచూసి లెక్కేస్తే, అంత పెద్దది అక్కర్లేదు, ఉంటే మధ్యరకం ఉండొచ్చేమో అన్నారు. మొదటి వార్త చదివిన వాళ్లలో రెండోది ఎంతమంది చదివారు?

ఎక్స్‌రే_కిరణ్ | పూణే

మేష్టారూ, నక్షత్రాల వేగం ఒక్కటే దారి కాదు కదా. తింటున్న బ్లాక్ హోల్ అయితే అదే బయటపడుతుంది.

ఎన్‌జీసీ 4395 చూడండి. వేటకుక్కల రాశిలో, దాదాపు 1.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో. బల్జ్ లేని నాసిరకం స్పైరల్, ఎవరూ పట్టించుకోనిది. 1989లో ఫిలిపెంకో, సార్జెంట్ దాని మధ్య నుంచి వచ్చే వెలుగుని స్పెక్ట్రమ్ తీస్తే (రంగులుగా విడదీసి వర్ణపటం చూస్తే) హైడ్రోజన్ లైన్ అడుగున వెడల్పాటి రెక్కలు కనబడ్డాయి. క్వాసార్లలో (భారీ బ్లాక్ హోల్ తింటూ ఉండగా వెలిగిపోయే దూరపు గెలాక్సీల నడుముల్లో) కనబడేదే, బుల్లి రూపంలో. వాయువు సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో గిరగిరా తిరిగితే తప్ప అలా రాదు. ఎక్స్‌రేలో గంటల తేడాలో మిణుకుమిణుకుమంటుంది. ఇది బ్లాక్ హోల్ కాదని అనేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

పాతమేష్టారు

> ఇది బ్లాక్ హోల్ కాదని అనేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు

నేనూ అనను. బరువు ఎంతో చెప్పు.

ఎక్స్‌రే_కిరణ్

😀 అక్కడే పట్టుకున్నారు. 2005లో హబుల్‌తో కొలిస్తే 3.6 లక్షల సూర్యుళ్లు. 2015లో వాయువు కదలికలు చూసిన వాళ్లకి దగ్గర దగ్గర 4 లక్షలు. 2019లో ఇంకో పద్ధతిలో చూసిన బృందానికి పది వేలు.

గోదారి_గగనం

ఒకే బ్లాక్ హోల్‌కి నలభై రెట్లు తేడానా?!

స్పెక్ట్రోసుధ

అవునండి. ఆ 2019 కొలత ఎలా చేశారో చెబితే తేడా ఎక్కడ దూరిందో తెలుస్తుంది. నడుమ వెలుగు ఒక్కసారిగా పెరుగుతుంది. చుట్టూ తిరిగే వాయువు కాసేపాగి పెరుగుతుంది, ఎందుకంటే వెలుగు అక్కడిదాకా వెళ్లాలిగా. ఆ ఆలస్యం 83 నిమిషాలు వచ్చింది. సూర్యుడి నుంచి శనిగ్రహానికి వెలుగు చేరడానికి పట్టే సమయం ఇంచుమించు అంతే. అంటే ఆ వాయువు మొత్తం మన శని కక్ష్య లోపల పట్టేంత చోట్లో ఉంది. దూరం తెలిసింది, లైన్ వెడల్పు నుంచి వేగం తెలిసింది. బరువు దూరానికీ, వేగం వర్గానికీ అనుపాతం.

చిక్కు వేగం దగ్గర ఉంది. వర్గం చెయ్యాలి కాబట్టి వెడల్పు రెట్టింపు తీసుకుంటే బరువు నాలుగు రెట్లవుతుంది. 2005 వాళ్లు అతినీలలోహితంలో కార్బన్ లైన్ తీసుకున్నారు, 2019 వాళ్లు హైడ్రోజన్ ఆల్ఫా. రెండు లైన్ల వెడల్పులు ఒకటి కావు. పైగా ఆ వాయువు పళ్లెంలా పరుచుకుందా, బంతిలా చుట్టుకుందా అన్నదాన్ని బట్టి ఒక గుణకం వేసుకోవాలి. దాన్ని పెద్ద గెలాక్సీల నుంచి అరువు తెచ్చుకున్నాం. చిన్నవాటికి అదే సరిపోతుందన్న హామీ లేదు.

మోడరేటర్_భాను

ఎన్‌జీసీ 4395 ఏ రాశిలో ఉందో చెప్పినందుకు రాశిఫలాలు అడుగుతూ ఒక పోస్టు వచ్చింది. తీసేశాను. కానివ్వండి.

డేటా_శ్రీను | హైదరాబాద్

సాఫ్ట్‌వేర్ వాణ్ణి, ఫిజిక్స్ డిగ్రీతో ఆగింది. ఒక ప్రశ్న. 2013లో ఎమీ రైన్స్, జెనీ గ్రీన్, మార్లా గెహా స్లోన్ ఆకాశ సర్వేలో 25 వేల చిన్న గెలాక్సీల స్పెక్ట్రమ్‌లు జల్లించి, బ్లాక్ హోల్ గుర్తులున్నవి 151 పట్టుకున్నారని చదివాను. ఆ సర్వే డేటా అందరికీ ఉచితమే కదా, పైథాన్‌లో లాగేసి నేనే చూడటం మొదలుపెట్టాను. ఒక నీలిరంగు చిన్న గెలాక్సీలో 6563 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గర హైడ్రోజన్ ఆల్ఫా సూదిలా లేచింది, దానికి రెండు వైపులా 6548, 6584 దగ్గర నైట్రోజన్ లైన్లు పిల్ల సూదుల్లా. మూడింటికీ గాసియన్ (గంట ఆకారపు వంపు) వేసి తీసేస్తే అడుగున ఒక వెడల్పాటి గుట్ట మిగిలింది. రెండు వైపులా వెయ్యేసి కి.మీ. వేగం దాకా. ఇది అదేనా?

స్పెక్ట్రోసుధ

నైట్రోజన్ లైన్ హైడ్రోజన్‌తో పోలిస్తే ఎంత ఎత్తుంది? 5007 దగ్గర ఆక్సిజన్, హైడ్రోజన్ బీటా నిష్పత్తి ఎంత?

డేటా_శ్రీను

నైట్రోజన్ చాలా పొట్టి, హైడ్రోజన్‌లో పదో వంతు కూడా లేదు. ఆక్సిజన్ మాత్రం బీటాకి నాలుగు రెట్లు.

స్పెక్ట్రోసుధ

అయితే ఆగండి. ఆ రెండు నిష్పత్తులూ గ్రాఫ్‌లో పెడితే (1981లో బాల్డ్విన్, ఫిలిప్స్, టెర్లెవిచ్ మొదలుపెట్టిన గ్రాఫ్, బీపీటీ అంటాం) మీది నక్షత్రాలు పుడుతున్న గెలాక్సీల వైపు పడుతుంది. వెడల్పాటి గుట్ట, కానీ మిగతా లైన్లన్నీ "ఇక్కడ కొత్త నక్షత్రాలు తప్ప ఏమీ లేవు" అంటున్నాయి. ఇలాంటివి 2013 జాబితాలోనూ కొన్ని ఉన్నాయి. వివియన్ బాల్డసారే బృందం 2016లో వాటిని మళ్లీ స్పెక్ట్రమ్ తీసింది. చాలావాటిలో గుట్ట మాయమైపోయింది. బ్లాక్ హోల్ అయితే అంత త్వరగా ఎక్కడికీ పోదు. స్లోన్ వాళ్లు స్పెక్ట్రమ్ తీసినప్పుడు అక్కడ సూపర్‌నోవా పేలి ఉంటుంది, దాని వాయువే ఆ గుట్ట.

అయితే దీన్ని ఇంకో వైపు నుంచీ చూడాలి. చిన్న గెలాక్సీల్లో భారమూలకాలు తక్కువ. నైట్రోజనే తక్కువైతే నిజమైన బ్లాక్ హోల్ ఉన్నా లైన్ పొట్టిగానే ఉంటుంది, గ్రాఫ్‌లో తప్పుడు గదిలో పడుతుంది. పెద్ద గెలాక్సీల కోసం గీసిన గీత ఇక్కడ నమ్మదగ్గది కాదు.

మీ దానికి రెండో స్పెక్ట్రమ్ ఎక్కడైనా ఉందేమో వెతకండి. డెసీ అనే కొత్త స్పెక్ట్రమ్ సర్వే మొదటి డేటా బయటికి వచ్చింది, అందులో చూడండి.

పాతమేష్టారు

గుట్ట ఉంటే సూపర్‌నోవా కావచ్చు, గుట్ట లేకపోయినా బ్లాక్ హోల్ కావచ్చు. బాగుంది.

ఎక్స్‌రే_కిరణ్

మేష్టారూ, మా ఎక్స్‌రే వాళ్ల కష్టం వింటే ఇంకా నవ్వుకుంటారు. ఏ బ్లాక్ హోల్ అయినా నిలకడగా ఎంత తినగలదో దానికో హద్దుంది, ఎడింగ్టన్ హద్దు. పది సూర్యుళ్ల బరువున్న మామూలు బ్లాక్ హోల్ పక్క నక్షత్రాన్ని హద్దు నిండా తింటే సెకనుకు 1 పక్కన 39 సున్నాలన్ని ఎర్గ్‌ల వెలుగు. లక్ష సూర్యుళ్ల బ్లాక్ హోల్ బద్ధకంగా, తన హద్దులో పదివేలో వంతు తింటే? సరిగ్గా అంతే వెలుగు! గెలాక్సీ నడుమ ఒక ఎక్స్‌రే చుక్క కనబడితే అది వీటిలో ఏదో వెలుగు బట్టి చెప్పలేం.

గగనం గారి ఎం33నే తీసుకోండి. సరిగ్గా దాని నడుమ ఎక్స్-8 అనే చుక్క ఉంది. మన స్థానిక గెలాక్సీల గుంపులో నిలకడగా వెలిగే ఎక్స్‌రే వస్తువుల్లో అదే అన్నిటికంటే ప్రకాశవంతం. వేరే ఏ గెలాక్సీలో అయినా "ఇదిగో, దొరికింది" అనేవాళ్లం. నక్షత్రాల వేగాలు తెలుసు కాబట్టి ఇది మామూలు జంట నక్షత్ర వ్యవస్థే, నడుమ కూర్చుని ఉంది అంటున్నాం. ఎం82లో ఎక్స్-2 కథ ఇంకా ముదురు. దాన్ని బ్లాక్ హోల్ అనుకుంటూ వచ్చారు. 2014లో న్యూస్టార్ ఎక్స్‌రే టెలిస్కోప్‌తో చూస్తే 1.37 సెకన్లకోసారి కొట్టుకుంటోంది, అది న్యూట్రాన్ నక్షత్రం.

కొత్తగా_చేరా

మన ఆస్ట్రోశాట్‌తో ఇవి చూడొచ్చా అన్నా? శ్రీహరికోట నుంచే వెళ్లింది కదా.

ఎక్స్‌రే_కిరణ్

2015 సెప్టెంబర్ 28న, అవును. కానీ ఈ పనికి చూపు పదును కావాలి. దాని మెత్తని ఎక్స్‌రే టెలిస్కోప్‌కి ఆర్క్‌నిమిషాల్లో తప్ప చుక్కలు విడిపోవు, చిన్న గెలాక్సీ మొత్తం ఒకే చుక్కయి కూర్చుంటుంది. అమెరికా వాళ్ల చంద్రకి అర ఆర్క్‌సెకను. మన చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న టెలిస్కోపే. ఆస్ట్రోశాట్‌లో అతినీలలోహిత కెమెరా మాత్రం బాగా పదును, నక్షత్రాలు ఎక్కడ పుడుతున్నాయో విడిగా చూపిస్తుంది. అదీ పనికొస్తుంది.

డేటా_శ్రీను

హెనైజ్ 2-10 గురించి ఎవరూ మాట్లాడలేదు. అది తేలిందా, ఇంకా గొడవేనా?

ఎక్స్‌రే_కిరణ్

నాకు ఇష్టమైన కేసు ఇది. మూడు కోట్ల కాంతి సంవత్సరాల దూరం, నక్షత్రాలు విపరీతంగా పుడుతున్న చిన్న గెలాక్సీ. రైన్స్ అప్పుడు పీహెచ్‌డీ విద్యార్థిని. రేడియో చిత్రాల్లో నక్షత్ర గుచ్ఛాల కోసం చూస్తుంటే నడుమ ఒక చుక్క తేడాగా ఉంది. అదే చోట చంద్ర డేటాలో ఎక్స్‌రే చుక్క. 2011లో నేచర్‌లో వేశారు, పది లక్షల సూర్యుళ్ల స్థాయి బ్లాక్ హోల్ అని. అప్పటిదాకా ఇలాంటి గెలాక్సీలో ఎవరూ అనుకోలేదు, దాంతో ఈ రంగానికే ఊపొచ్చింది.

తర్వాత ఇంకా లోతైన ఎక్స్‌రే డేటా వచ్చింది. 2019లో ఒక బృందం ఆ ఎక్స్‌రే వర్ణపటం వేడి వాయువుది, సూపర్‌నోవా శిథిలం అయ్యుండొచ్చు అంది. 2022లో షూట్, రైన్స్ హబుల్ స్పెక్ట్రమ్‌లతో మళ్లీ వచ్చారు. ఆ చుక్క నుంచి దాదాపు 500 కాంతి సంవత్సరాల పొడవున వాయువు ధార వెళ్తోంది, దాని వేగం ఒకసారి మనవైపు ఒకసారి అటువైపు ఊగుతూ పోతోంది. జెట్ మెల్లగా ఊగుతుంటేనే అలా వస్తుందన్నది వాళ్ల వాదన. ఇంకో ముక్క, ఆ ధార తగిలిన చోట కొత్త నక్షత్రాలు పుడుతున్నాయట. మామూలుగా బ్లాక్ హోల్ ధారలు వాయువుని ఊడ్చేసి నక్షత్రాలు పుట్టకుండా చేస్తాయని చెబుతాం కదా, ఇక్కడ తిరగబడింది.

పాతమేష్టారు

ఊగే ధార నాకూ నచ్చింది. శిథిలానికి అంత క్రమం ఎక్కడిది. ఒక చుక్క కోసం రేడియో, ఎక్స్‌రే, హబుల్, పదకొండేళ్లు. 25 వేల గెలాక్సీలకి ఇలా ఎవరు చేస్తారు?

స్పెక్ట్రోసుధ

ఎవరూ చెయ్యలేరు మేష్టారూ, అందుకే ఇప్పుడు సంఖ్యల దారి పట్టారు. ఒక్కోదాన్నీ కచ్చితంగా తేల్చకపోయినా, వందలో ఎన్నింటికి ఉందన్నది తేలితే అదే పెద్ద సంగతి.

ఎందుకంటే అసలు ఈ భారీ బ్లాక్ హోల్‌లు ఎలా మొదలయ్యాయో ఎవరికీ తెలియదు. రెండు ముఖ్యమైన ఊహలున్నాయి. మొట్టమొదటి తరం నక్షత్రాలు కూలి వంద సూర్యుళ్ల బరువున్న గింజలు మిగిలాయన్నది ఒకటి. అలా అయితే గింజలు బోలెడు పడాలి, చిన్న గెలాక్సీల్లో కూడా ఎక్కువవాటికి ఏదో ఒకటి ఉండాలి, చిన్నదైనా సరే. రెండోది, పెద్ద వాయు మేఘం నక్షత్రంగా మారకుండానే నేరుగా కూలి పదివేలు, లక్ష సూర్యుళ్ల గింజ అయిందని. దానికి పరిస్థితులు చాలా అరుదుగా కలిసిరావాలి. అప్పుడు చిన్న గెలాక్సీల్లో చాలావాటికి ఏమీ ఉండదు, ఉన్నవాటికి బరువైనదే ఉంటుంది. పెద్ద గెలాక్సీలు ఒకదాన్నొకటి మింగి మింగి ఆ పాత లెక్క చెరిపేశాయి. చిన్నవి పెద్దగా ఎవర్నీ మింగలేదు, కాబట్టి గింజల రికార్డు వాటి దగ్గరే కాస్తయినా మిగిలింది. మా వాళ్లంతా చిన్న గెలాక్సీల వెనక పడేది ఇందుకే, బుల్లి బ్లాక్ హోల్ మీద మోజుతో కాదు.

2025లో చంద్ర రెండు దశాబ్దాల డేటాతో 1,600కు పైగా గెలాక్సీల లెక్క తీశారు. పెద్దవాటిలో 90 శాతానికి పైగా ఉన్నట్టు, చిన్నవాటిలో 30 శాతానికే ఉన్నట్టు తేల్చారు. రెండో ఊహకి బలం అన్నమాట.

పాతమేష్టారు

ఆ 30 శాతం ఎక్స్‌రే చుక్కల నుంచి వచ్చిందే కదా? ఎక్స్‌రే చుక్కని నమ్మలేమని కిరణ్ ఇందాకే అన్నాడు. పైగా చిన్న బ్లాక్ హోల్ తక్కువ తింటుంది, తక్కువ వెలుగుతుంది, కనబడదు. కనబడని దాన్ని లేదంటే ఎలా?

స్పెక్ట్రోసుధ

ఆ ప్రశ్న వాళ్లూ వేసుకున్నారు. చిన్నది కాబట్టి మసకగా ఉంటుందని లెక్కలో కలుపుకున్నాక కూడా, రావాల్సినన్ని చుక్కలు రాలేదన్నది వాళ్ల మాట. జంట నక్షత్రాల వంతూ తీసేశారు. అయినా తినే తీరు పెద్దవాటిలోనూ చిన్నవాటిలోనూ ఒకేలా మారుతుందన్న ఊహ లోపల ఉంది. దాన్ని మీరు కొట్టొచ్చు.

పాతమేష్టారు

కొడుతున్నాను.

డేటా_శ్రీను

డెసీ సంఖ్యలు ఇక్కడ పెడతా, ఇప్పుడే చూశా. అరిజోనాలో కిట్ పీక్ మీద నాలుగు మీటర్ల మాయల్ టెలిస్కోప్, ఒకేసారి 5,000 ఫైబర్లు (ఒక్కోటి ఒక్కో గెలాక్సీ వెలుగుని పట్టే సన్న తీగ). 2025 ఫిబ్రవరిలో వచ్చిన పేపర్, మొదటి రచయిత రాగదీపిక పుచ్చా. లక్షా పదిహేను వేల చిన్న గెలాక్సీల్లో దాదాపు 2,500 చోట్ల నడుమ చురుకైన బ్లాక్ హోల్ గుర్తులు. అంటే రెండు శాతం. అంతకు ముందు సర్వేల్లో అర శాతం వచ్చేది. మధ్యరకం బరువున్న బ్లాక్ హోల్ అభ్యర్థులు 300, అంతకు ముందు తెలిసినవి 70 దాకా. నాలుగు రెట్లు ఎలా పెరిగాయి? గెలాక్సీలు మారలేదుగా!

స్పెక్ట్రోసుధ

ఫైబర్ సన్నబడింది శ్రీను గారూ. స్లోన్ ఫైబర్ ఆకాశంలో మూడు ఆర్క్‌సెకన్ల వెడల్పు, డెసీది ఒకటిన్నర. వెడల్పు ఫైబర్‌లో నడుమతో పాటు చుట్టూ ఉన్న నక్షత్రాల వెలుగూ పడుతుంది. బానెడు మజ్జిగలో చిటికెడు ఉప్పు వేస్తే నాలుక్కి ఎక్కడ తగులుతుంది? గ్లాసు మజ్జిగలో వేస్తే తగులుతుంది. బ్లాక్ హోల్ అంతే ఉంది, దాంతో కలిసిపోయే వెలుగు తగ్గింది. పెద్ద టెలిస్కోప్ కావడం కూడా కలిసొచ్చింది, మసక గెలాక్సీలు అందాయి.

మేష్టారి మాట ఇక్కడ బాగా వర్తిస్తుంది. రెండు శాతం అన్నది తింటున్నవాటి లెక్క. ఊరుకున్నవి ఇందులో లేవు.

గోదారి_గగనం

ఊరుకున్నవి అంటే గుర్తొచ్చింది. ఒమెగా సెంటారీ సంగతేంటి? అది మాకు బాగా అందుతుంది. మే నెలాఖరులో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో చిత్త నక్షత్రం నడినెత్తి దాటి దక్షిణాన ఉంటుంది చూడండి, దానికి తిన్నగా కిందికి ముప్పై ఆరు డిగ్రీలు దిగితే అదే. రాజమండ్రిలో దిగంతం మీద పాతిక డిగ్రీల ఎత్తు. బైనాక్యులర్‌లో పత్తి ఉండ. మా డాబ్‌లో అయితే అంచుల నుంచి మధ్య దాకా రవ్వ రవ్వగా విడిపోతుంది. అమెరికా, యూరప్ మిత్రులు చాలామందికి ఇది దక్కదు. 😀

ఎక్స్‌రే_కిరణ్

భలే గుర్తుచేశారు. ఒమెగా సెంటారీ పేరుకి గుచ్ఛం గానీ, పాలపుంత మింగేసిన చిన్న గెలాక్సీ నడిభాగం అని గట్టి నమ్మకం. 18 వేల కాంతి సంవత్సరాల దూరమే. సుధ లెక్క ఇక్కడ బాగా కలిసొస్తుంది, ఇంత దగ్గరైతే నక్షత్రాలు ఒక్కొక్కటిగా కదలడం చూడొచ్చు. 2024లో హేబర్లే బృందం హబుల్ ఇరవై ఏళ్లలో తీసిన 500కు పైగా ఫొటోలు పేర్చి 14 లక్షల నక్షత్రాల కదలిక కొలిచింది. నడిమధ్యలో ఏడు నక్షత్రాలు ఆ గుచ్ఛం పట్టు దాటి పారిపోయేంత వేగంతో పోతున్నాయి. పోవాల్సినవి ఇంకా అక్కడే ఉన్నాయంటే ఏదో పట్టుకుని ఉంది. కనీసం 8,200 సూర్యుళ్ల బరువు.

రేడియోలో ఎంత లోతుగా చూసినా చప్పుడు లేదు. అది అసలు తినడం లేదు. ఇదే మూడు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉండుంటే మన జాబితాల్లో "ఏమీ లేదు" గడిలో పడేది.

పాతమేష్టారు

అదే ఏడాది ఇంకొకరు ఆ గుచ్ఛంలోని పల్సార్ల (గడియారంలా క్రమంగా కొట్టుకునే న్యూట్రాన్ నక్షత్రాల) టిక్కులు చూసి, ఒకే పెద్దది అయితే 6 వేలు మించకూడదు, నడుమ చిన్న చిన్న బ్లాక్ హోల్‌ల గుంపు ఉంటే సరిపోతుంది అన్నారు. అదీ చెప్పాలి. కానీ ఆ ఏడు నక్షత్రాలు... వాటిని గుంపు ఎలా పట్టి ఉంచుతుందో నాకూ అంతుపట్టలేదు. ఈ ఒక్క కేసులో మీ వైపు కాస్త మొగ్గుతాను.

మోడరేటర్_భాను

ఈ పోస్ట్‌ని పిన్ చేస్తున్నా. 😀

కొత్తగా_చేరా

అందరూ "నడుమ, నడుమ" అంటున్నారు. నడుమే ఎందుకు ఉండాలి? పక్కన ఉండకూడదా?

స్పెక్ట్రోసుధ

ఈ దారంలో అన్నిటికంటే మంచి ప్రశ్న ఇదే.

పెద్ద గెలాక్సీలో నడుమ లోతైన గురుత్వ గుంట. బరువైనది ఎక్కడున్నా చుట్టుపక్కల నక్షత్రాల లాగుడుకి వేగం కోల్పోతూ చివరికి అడుక్కి జారుతుంది. చిన్న గెలాక్సీలో ఆ గుంట లోతు తక్కువ. చాలావాటికి నడుమ ఎక్కడో కూడా సరిగా చెప్పలేం, ఆకారమే అడ్డదిడ్డం. జారడానికి విశ్వం వయసంత కాలం పట్టొచ్చు. పైగా రెండు బ్లాక్ హోల్‌లు కలిసినప్పుడు గురుత్వ తరంగాలు ఒక వైపు ఎక్కువ పోతే, మిగిలినదానికి సెకనుకు వందల కి.మీ. తన్ను పడుతుంది. చిన్న గెలాక్సీ నుంచి బయటికే పోవచ్చు.

2020లో రైన్స్ బృందం న్యూమెక్సికోలోని వీఎల్‌ఏ రేడియో టెలిస్కోప్‌తో 111 చిన్న గెలాక్సీలు చూస్తే 13 చోట్ల బలమైన అభ్యర్థులు. వాటిలో చాలా నడుమ లేవు. అయితే ఒక జాగ్రత్త, అంచున చుక్క కనబడితే వెనకాల ఎక్కడో ఉన్న క్వాసార్ కావచ్చు. దూరం విడిగా కొలిచేదాకా లెక్కలో వెయ్యకూడదు.

డెసీ ఫైబర్, స్లోన్ ఫైబర్ రెండూ నడుమే పెడతారు. పక్కనున్నవి వాటికి కనబడే దారే లేదు. రూబిన్ టెలిస్కోప్ పదేళ్లపాటు దక్షిణాకాశమంతా మళ్లీ మళ్లీ ఫొటోలు తీస్తుంది కదా, చిన్న గెలాక్సీలో ఎక్కడ మిణుకుమన్నా పట్టుకోవచ్చు. నాకు దాని మీదే ఆశ.

డేటా_శ్రీను

సుధ గారూ, ఆ నీలి గెలాక్సీకి డెసీ స్పెక్ట్రమ్ దొరికింది. గుట్ట లేదు. సూది అలాగే ఉంది, అడుగున చదును.

స్పెక్ట్రోసుధ

అయితే సూపర్‌నోవానే. స్లోన్ తీసిన తేదీ చూసి సూపర్‌నోవా జాబితాలో పోల్చండి, పేరు లేకపోతే మీరు పట్టిందే కొత్తది అవ్వొచ్చు.

డేటా_శ్రీను

జాబితాలో ఆ చోట ఏమీ లేదు! వేరే దారం తెరుస్తున్నా, కోడ్ అక్కడ పెడతా. రెండు సర్వేల్లోనూ ఉన్న చిన్న గెలాక్సీలన్నిటికీ గుట్ట తేడా తీయడం రాత్రికి రన్ చేస్తా.

పాతమేష్టారు

శ్రీనూ, గుట్ట పోయినవే కాదు, నిలబడినవి కూడా విడిగా రాసిపెట్టు. అవి నేను చూస్తాను.